గుండెలోని విద్యుత్ మార్గాలు అందరికీ ఒకేలా ఉండవు: ఆ తేడాలు ఎక్కడ, వాటి ఫలితం ఏమిటి

క్లుప్తంగా: గుండె లయను నడిపే విద్యుత్ వ్యవస్థ పాఠ్యపుస్తకాల్లో ఒకే పటంగా కనిపిస్తుంది. వాస్తవంలో దాని దారులు, లోతు, కొమ్మలు, రక్తసరఫరా మనిషి మనిషికీ మారుతాయి. ఈ తేడాల్లో ఎక్కువ భాగం జీవితాంతం బయటపడవు. రక్తనాళం మూసుకుపోయినప్పుడు, గోడకు కుట్టు వేసినప్పుడు, కొత్త కవాటం అమర్చినప్పుడు, పేస్‌మేకర్ తీగ బిగించినప్పుడు మాత్రం కొద్ది మిల్లీమీటర్ల తేడాయే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ముందస్తు ఆరోగ్య పరీక్షలు పట్టణాల్లో మామూలైపోయాక, ఏ ఇబ్బందీ లేనివారి చేతికి కూడా ఈసీజీ కాగితాలు వస్తున్నాయి. వాటిపై యంత్రమే అచ్చువేసే వాక్యాల్లో 'రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్', 'లెఫ్ట్ యాంటీరియర్ ఫ్యాసిక్యులర్ బ్లాక్', 'షార్ట్ పీఆర్' వంటి మాటలు ఉంటాయి. రక్తనాళం పూడుకుపోయిందేమో, స్టెంటు వేయాలేమో అని ఇంటిల్లిపాదీ కంగారుపడడం తరచూ జరిగేదే. ఆ మాటలకు రక్తనాళాల పూడికతో నేరుగా సంబంధం లేదు. అవి విద్యుత్ ప్రేరణ నడిచే దారుల గురించినవి. ఆ దారులు ఎలా ఏర్పడ్డాయో, ఎవరెవరిలో ఎలా మారుతాయో తెలిస్తే, ఒకే మాట ఒకరి విషయంలో ఎందుకు పట్టించుకోనక్కర్లేదో, మరొకరి విషయంలో ఎందుకు ఆలస్యం చేయకూడదో అర్థమవుతుంది.

పుస్తకంలోని పటం ఎలా వచ్చింది

ఈ పటం మార్గం చివర నుంచి మొదలుకు తయారైంది. 1839లో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే గొర్రె గుండె లోపలి పొర కింద వల మాదిరిగా అల్లుకున్న బూడిదరంగు తంతువులను గుర్తించారు. అవి విద్యుత్‌ను మోసుకెళ్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు. 1893లో జర్మనీలోని లైప్జిగ్‌లో విల్‌హెల్మ్ హిస్, పై గదులైన కర్ణికల నుంచి కింది గదులైన జఠరికలకు దాటే సన్నని కండర కట్టను వర్ణించారు. 1906లో మార్‌బుర్గ్‌లో లుడ్విగ్ ఆషాఫ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న జపాన్ వైద్యుడు సునావో తవారా, ఆ కట్ట పైచివర ఒక నోడ్, అంటే ప్రత్యేక కణాల ముద్ద, ఉందని, కిందిచివర అది కుడి ఎడమ కొమ్మలుగా చీలి పుర్కిన్యే తంతువులతో కలుస్తుందని, ఇదంతా తెగని ఒకే మార్గమని చూపించారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో ఆర్థర్ కీత్, వైద్య విద్యార్థి మార్టిన్ ఫ్లాక్ కలిసి లయకు మూలమైన సైనస్ నోడ్‌ను ప్రకటించారు. ఫ్లాక్‌కు అది మొదట కనిపించింది మనిషి గుండెలో కాదు, నేలలో బొరియలు తవ్వుకుని బతికే మోల్ అనే చిన్న జంతువు గుండెలో.

ఈ మార్గంలో ప్రేరణ వేగం చోటుచోటుకూ మారుతుంది. సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు ప్రేరణ పుట్టిస్తుంది. అది కర్ణికల కండరం గుండా సాగి, రెండు కర్ణికల మధ్య గోడ అడుగున ఉన్న ఏవీ నోడ్‌కు (తవారా చూపిన నోడ్ ఇదే) చేరుతుంది. అక్కడ వేగం సెకనుకు దాదాపు 0.05 మీటర్లకు పడిపోతుంది. ఈ ఆలస్యం వల్లే కర్ణికలు రక్తాన్ని పూర్తిగా దింపిన తర్వాతే జఠరికలు ముడుచుకుంటాయి. హిస్ వర్ణించిన కట్ట, అంటే హిస్ బండిల్, దాటి పుర్కిన్యే తంతువుల్లోకి వచ్చేసరికి వేగం సెకనుకు 2 నుంచి 4 మీటర్లకు పెరుగుతుంది. అందుకే జఠరికల కండరమంతా సెకనులో పదో వంతు లోపలే మేల్కొంటుంది. కర్ణికలకూ జఠరికలకూ మధ్య, కవాటాల చుట్టూ, విద్యుత్‌ను దాటనివ్వని నారపొర ఉంటుంది. మామూలుగా దాన్ని దాటే ఏకైక దారి హిస్ బండిల్.

ఏది నిజమైన విద్యుత్ మార్గం, ఏది సాధారణ కండరం అని తేల్చడానికి ఆషాఫ్, మోన్కెబెర్గ్ 1910లో కొలమానాలు పెట్టారు. ఆ కణాలు చుట్టుపక్కల కండరానికి భిన్నంగా కనిపించాలి. వరుసగా కోసిన పలుచని ముక్కల్లో ఒకదాని నుంచి మరోదానికి వాటిని వెంబడించగలగాలి. అది దారి అనిపించుకోవాలంటే చుట్టూ నారతొడుగు కూడా ఉండాలి. వందేళ్లు దాటినా శరీర నిర్మాణ శాస్త్రంలో వివాదాలను తేల్చేది ఇప్పటికీ ఈ నియమాలే. ఉదాహరణకు, సైనస్ నోడ్ నుంచి ఏవీ నోడ్‌కు మూడు ప్రత్యేక దారులున్నట్టు చాలా పుస్తకాల్లో గీతలు గీసి ఉంటాయి. 1963లో అమెరికా వైద్యుడు థామస్ జేమ్స్ వర్ణన తర్వాత ఆ గీతలు బాగా ప్రచారమయ్యాయి. పై నియమాలకు నిలిచే నారతొడుగు దారులేవీ అక్కడ దొరకలేదు. కర్ణిక గోడలో సిరల రంధ్రాల మధ్య కండర పోగులు ఏ దిశలో పరచుకున్నాయన్నదే ప్రేరణ వేగంగా సాగే వైపును నిర్ణయిస్తుంది. ఆ అమరిక కూడా అందరిలో ఒకటి కాదు.

ఈ తేడాలకు మూలం పిండదశలో

పిండంలో గుండె మొదట ఒకే గొట్టం. అందులోని కండరమంతా ప్రేరణను మెల్లగా మోస్తుంది, ఎక్కడైనా లయ పుట్టించగలదు. గదులు ఉబ్బి పెరిగే కొద్దీ ఎక్కువ భాగం వేగంగా, బలంగా ముడుచుకునే కండరంగా మారుతుంది. టీబీఎక్స్3 వంటి జన్యువులు ఆ మార్పును ఆపిన చోట్ల పాత లక్షణాలు నిలిచిపోతాయి. సైనస్ నోడ్, ఏవీ నోడ్ అలా మిగిలినవే. అంటే ఈ వ్యవస్థ పూర్తయిన గుండెకు బయటి నుంచి వచ్చి చేరినది కాదు, గుండె రూపం తీసుకునే క్రమంలో మిగిలినది. గోడలు ఏ కోణంలో కలిశాయి, నారపొర ఎప్పుడు ఎంత గట్టిగా ఏర్పడింది అన్న ప్రతి చిన్న తేడా దాని మీద ముద్ర వేస్తుంది.

కర్ణికల, జఠరికల మధ్య నారపొర ఏర్పడక ముందు ఆ రెండింటి కండరం కలిసే ఉంటుంది. నారపొర క్రమంగా ఆ కలయికలను తెంచుతుంది. నెలలు నిండుతున్న పిండంలో కూడా కొన్ని పోగులు తెగకుండా కనిపిస్తాయి, వాటిలో చాలావరకు పుట్టిన తర్వాత మాయమవుతాయి. నెలల పసికందుల్లో వచ్చే కొన్ని రకాల గుండెదడ ఏడాది తిరిగేసరికి తనంతట తానే తగ్గిపోవడానికి కారణం ఇదే.

సైనస్ నోడ్, ఏవీ నోడ్: చోటు కుదురైనదే, నాళం కాదు

సైనస్ నోడ్ స్థానం పెద్దగా మారదు. ఎగువ మహాసిర కుడి కర్ణికలో కలిసే చోట, గోడ బయటి పొర కింద అది పరచుకుని ఉంటుంది. మారేది దానికి రక్తం తెచ్చే ధమని. సుమారు 60 శాతం మందిలో అది కుడి కరోనరీ ధమని నుంచి, మిగిలినవారిలో ఎక్కువమందికి ఎడమవైపు సర్కంఫ్లెక్స్ ధమని నుంచి వస్తుంది. కొందరికి రెండు వైపుల నుంచీ వస్తుంది. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మిట్రల్ కవాటాన్ని చేరడానికి కర్ణిక పైకప్పును కోసే శస్త్రచికిత్సల్లో ఈ ధమని కోతకు అడ్డంగా ఉందా లేదా అన్నది దాని పుట్టుక స్థానాన్ని బట్టి ఉంటుంది.

ఏవీ నోడ్‌కు రక్తం తెచ్చే ధమని పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి కుడి కరోనరీ నుంచే వస్తుంది. అందుకే కుడి కరోనరీ మూసుకుని గుండె అడుగు గోడకు గుండెపోటు వచ్చినప్పుడు నాడి బాగా మందగించడం, కొన్నిసార్లు కర్ణికల ప్రేరణ జఠరికలకు అందకపోవడం చూస్తుంటాం. ప్రేరణ దారిలో ఆగిపోయే ఈ రకం బ్లాక్ చాలామందిలో కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, ఎందుకంటే నోడ్‌కు పక్క నాళాల నుంచీ కొంత రక్తం అందుతుంది. ఎడమవైపు ముందు ధమని మూసుకున్నప్పుడు వచ్చే బ్లాక్ దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ నోడ్‌కు ఏమీ కాదు; గోడలోని కొమ్మలే పెద్ద మేర చచ్చిపోతాయి, గుండె కండరం కూడా విస్తారంగా దెబ్బతింటుంది. ఈసీజీ మీద రెండూ 'కంప్లీట్ హార్ట్ బ్లాక్' అనే కనిపించవచ్చు గానీ రెండింటి తర్వాతి పరిణామం ఒకటి కాదు.

శస్త్రవైద్యులు ఏవీ నోడ్‌ను కంటితో చూడలేరు. కుడి కర్ణికను తెరిచి, త్రిపత్ర కవాటం లోపలి రెక్క అంచు, గుండె సొంత సిరల రక్తాన్ని కుడి కర్ణికలోకి చేర్చే కరోనరీ సైనస్ నోరు, తొదారో పేరుతో పిలిచే నారపోగు, ఈ మూడింటి మధ్య ఏర్పడే త్రిభుజాన్ని గుర్తుపెట్టుకుని దాని కొనవైపు చేయి పెట్టకుండా జాగ్రత్తపడతారు. దీనిని కోక్ త్రిభుజం అంటారు. ఇది కొందరిలో విశాలంగా, కొందరిలో ఇరుకుగా ఉంటుంది. నారపోగు కొందరిలో స్పష్టంగా కనిపించదు. త్రిభుజం ఇరుకైన కొద్దీ నోడ్‌కూ వైద్యుడి పరికరానికీ మధ్య దూరం తగ్గుతుంది.

ఈ నోడ్ దిగువకు, కరోనరీ సైనస్ వైపు తోకల్లాంటి పొడిగింపులు సాగి ఉంటాయి. 1998లో ఇనోయూ, బెకర్ ప్రచురించిన పరిశీలనలో దాదాపు అన్ని గుండెల్లోనూ అవి కనిపించాయి. కుడివైపు ఉన్నదా, ఎడమవైపు ఉన్నదా, రెండూ ఉన్నాయా, ఎంత పొడవు అన్నవి మాత్రం మారాయి. హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ఆగే గుండెదడల్లో అతి సాధారణమైన ఏవీ నోడల్ రీఎంట్రీ టాకీకార్డియాకు ఈ పొడిగింపులే ఆధారమని భావిస్తారు. ప్రేరణ మెల్లని దారిలో కిందికి దిగి, వేగమైన దారిలో పైకెక్కి, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. నిర్మాణం దాదాపు అందరిలో ఉన్నా దడ కొద్దిమందికే వస్తుంది. రెండు దారుల వేగాల మధ్య తగినంత తేడా ఉండి, సరైన క్షణంలో ఒక అదనపు స్పందన పడితేనే ఆ వలయం మొదలవుతుంది. కాబట్టి నిర్మాణంలోని తేడా ఈ జబ్బుకు అవసరమైన షరతే గానీ, అదొక్కటే చాలిన కారణం కాదు.

హిస్ బండిల్: ఒకే గోడలో మూడు దారులు

ఈ వ్యవస్థ మొత్తంలో వైద్యపరంగా ఎక్కువ పర్యవసానాలున్న తేడా ఇక్కడే ఉంది. జఠరికల మధ్య గోడ చాలావరకు మందమైన కండరమే అయినా, పైభాగంలో, బృహద్ధమని కవాటానికి కాస్త దిగువన, వెలుతురుకు పెడితే ఆవలివైపు మసకగా తెలిసేంత పలుచని నారపొర ముక్క ఒకటి ఉంటుంది. హిస్ బండిల్ నారపొరను దాటి వచ్చేది ఈ పలుచని ముక్క దిగువ అంచు దగ్గరే. దాటాక అది ఏ దారి పడుతుందన్నది అందరిలో ఒకటి కాదు.

జపాన్‌కు చెందిన కవాషిమా, ససాకి 2005లో 105 మంది వృద్ధుల గుండెలను విప్పి చూసి ఈ దారులను మూడుగా విభజించారు. 46.7 శాతం గుండెల్లో బండిల్ పలుచని పొర దిగువ అంచు వెంబడే, పైన కొద్దిపాటి కండర పోగుల కప్పుతో నడిచింది. 32.4 శాతంలో అంచును వదిలి కండరంలోకి లోతుగా దిగింది. మిగిలిన 21 శాతంలో ఏ కండర కప్పూ లేకుండా, గుండె లోపలి పొర కిందనే నేరుగా పలుచని ముక్క మీదుగా సాగింది. మూడు రకాల్లోనూ గుండె పని ఒకేలా ఉంటుంది. బయట నుంచి ఏదైనా తగిలినప్పుడే తేడా తెలుస్తుంది. కండరంలో మునిగిన బండిల్‌కు ఒక రక్షణ ఉంది. లోపలి పొర కిందే ఉన్న బండిల్ ఒక కేథటర్ (రక్తనాళం గుండా గుండెలోకి పంపే సన్నని గొట్టం) కొన ఒరుసుకున్నా తాత్కాలికంగా మొరాయించగలదు.

ఈ పాఠాన్ని శస్త్రచికిత్స రంగం చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1954లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో వాల్టన్ లిల్లెహై బృందం పిల్లల్లో జఠరికల మధ్య రంధ్రాలను మూయడం మొదలుపెట్టింది. ఆ రంధ్రాల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఈ పలుచని పొర చుట్టూనే ఉంటాయి. బండిల్ రంధ్రం వెనక దిగువ అంచులో నడుస్తుంది. ఆ అంచుకు వేసిన కుట్టు కొందరు పిల్లల్లో బండిల్‌ను బిగించేసింది. రంధ్రం మూసుకుపోయినా లయ తెగిపోయిన ఆ పిల్లలను కాపాడడానికి గది గోడలోని ప్లగ్గు కరెంటుతో పనిచేసే పేస్‌మేకర్లు వాడేవారు. 1957 అక్టోబర్ 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయిన తర్వాత, బ్యాటరీతో నడిచే యంత్రం కావాలని లిల్లెహై అడగడం, ఇంజనీరు ఎర్ల్ బాకెన్ కొద్ది వారాల్లోనే దాన్ని తయారుచేసి ఇవ్వడం పేస్‌మేకర్ చరిత్రలో మలుపు. బండిల్ నడిచే అంచు ఏదో తెలిశాక కుట్లు దానికి దూరంగా, గోడకు కుడిపక్కన వేయడం పద్ధతిగా మారింది. ఇప్పుడు ఈ శస్త్రచికిత్స తర్వాత శాశ్వత బ్లాక్ అరుదు.

కుడి కొమ్మ ఒకే పోగు, ఎడమ కొమ్మ ఒక విసనకర్ర

రెండు కొమ్మల రూపం ఒకటి కాదు. కుడి బండిల్ బ్రాంచ్ సన్నని పోగులా గోడ కుడివైపున దిగి, మధ్యలో కొంత దూరం కండరంలో దాక్కుని, మళ్లీ పైకి వచ్చి, మోడరేటర్ బ్యాండ్ అనే కండర దూలం మీదుగా కుడి జఠరిక ఎదురు గోడకు చేరుతుంది. పొడవైనది, సన్ననిది, చాలా దూరం చీలనిది కాబట్టి ఎక్కడ చిన్న గాయమైనా కొమ్మ మొత్తం ఆగిపోతుంది. గుండెకు మరే జబ్బూ లేనివారిలో కూడా రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ కనిపించడానికి ఈ నిర్మాణమే ప్రధాన కారణం.

ఎడమ కొమ్మ మొదలయ్యే చోటే వెడల్పైన పట్టీలా ఉండి, గోడ ఎడమవైపున పలుచగా పరచుకుంటుంది. 1960ల చివర అర్జెంటీనాలో మౌరీసియో రోసెన్‌బామ్ బృందం దీనిని ముందు, వెనక అని రెండు పాయలుగా వివరించింది. ఈసీజీలో కనిపించే హెమీబ్లాక్‌లను (ఎడమ కొమ్మలో ఒక పాయ మాత్రమే ఆగడాన్ని) ఆ లెక్క చక్కగా వివరించింది, అందుకే అది అన్ని పుస్తకాల్లోకీ చేరింది. 1972లో బెల్జియంలోని లీయేజ్‌లో దెమూలాఁ, కుల్‌బెర్టుస్ సూక్ష్మదర్శినితో వెంబడించినప్పుడు కనిపించిన చిత్రం వేరు. మధ్యగోడకు పోయే మూడో సమూహం చాలా గుండెల్లో ఉంది. పాయల వెడల్పు, చీలే చోటు, ఒకదానితో ఒకటి అల్లుకునే తీరు గుండె గుండెకూ మారాయి. తవారా 1906లో గీసిన చిత్రాల్లోనే మూడు పాయలు ఉన్నాయన్నది గుర్తుంచుకోదగిన విషయం.

ధవళేశ్వరం దిగువన గోదావరి చీలే తీరు ఇక్కడ పోలికకు సరిపోతుంది. గౌతమి, వసిష్ఠ ప్రధాన పాయలైతే, వసిష్ఠ నుంచి చీలిన వైనతేయ వాటి నడుమ సాగుతుంది. ఎడమ కొమ్మలోని నడిమి పాయ కూడా అలాంటిదే. కొందరిలో అది ముందు పాయ నుంచి, కొందరిలో వెనక పాయ నుంచి, కొందరిలో రెండింటి నుంచీ పుడుతుంది. మరికొందరిలో చీలిక స్థానం నుంచే నేరుగా మొదలవుతుంది.

ముందు పాయ సన్నగా, పొడవుగా, రక్తం బృహద్ధమనిలోకి ఉరికే దారికి అడ్డంగా ఉంటుంది. వెనక పాయ పొట్టిగా, మందంగా ఉండి రెండు ధమనుల నుంచి రక్తం అందుకుంటుంది. అందుకే లెఫ్ట్ యాంటీరియర్ ఫ్యాసిక్యులర్ బ్లాక్ సాధారణం. వెనక పాయ ఒక్కటే ఆగడం చాలా అరుదు. విసనకర్రలా పరచుకున్న ఎడమ కొమ్మ పూర్తిగా ఆగాలంటే దాని మొదట్లోనే దెబ్బ తగలాలి, లేదా కండరం విస్తారంగా చెడి ఉండాలి. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ కనిపిస్తే వైద్యులు ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) తదితర పరీక్షలు చేయించకుండా వదలకపోవడం ఈ లెక్కతోనే.

ఎడమ జఠరికలో ఒక గోడ నుంచి మరో గోడకు గాలిలో వేలాడే సన్నని తాళ్లు కూడా చాలామందిలో ఉంటాయి. వీటిని ఫాల్స్ టెండన్లు అంటారు, కొన్నింటిలో పుర్కిన్యే తంతువులు నడుస్తాయి. ఎకోలో ఇవి కనిపిస్తే సాధారణంగా చేయవలసిందేమీ ఉండదు.

తెగకుండా మిగిలిన పోగులు

నారపొరను దాటే దారి ఒక్కటే ఉండాలన్న నియమానికి మినహాయింపు వుల్ఫ్-పార్కిన్సన్-వైట్ సిండ్రోమ్. 1930లో ఈ ముగ్గురు వైద్యులు 11 మంది ఆరోగ్యవంతులైన యువకుల, యువతుల ఈసీజీల్లో విచిత్రమైన ఒకే తీరును, వారిలో తరచూ వచ్చే గుండెదడను నమోదు చేశారు. కారణం, పిండదశలో తెగవలసిన కండర పోగు కవాటం పక్కన మిగిలిపోవడం. వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి ఈసీజీల్లో ఈ తీరు కనిపిస్తుంది. ఆ పోగుల్లో సగానికి పైగా ఎడమవైపు, మిట్రల్ కవాటం చుట్టూ ఉంటాయి; మిగిలినవి మధ్యగోడ దగ్గర, కుడివైపున ఉంటాయి. కొన్ని పోగులు కింది నుంచి పైకి మాత్రమే ప్రేరణను పంపుతాయి కాబట్టి మామూలు ఈసీజీలో అసలు కనిపించవు.

కాగితం మీద ఇది ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూడవచ్చు. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది, అంటే ఒక చిన్న గడి 0.04 సెకను. కర్ణికల అల మొదలు నుంచి జఠరికల అల మొదలు వరకు మామూలుగా 3 నుంచి 5 చిన్న గళ్లు పడుతుంది. అదనపు పోగు ఉన్నవారిలో ఆ దూరం 3 గళ్ల లోపే ముగుస్తుంది; 'షార్ట్ పీఆర్' అంటే ఇదే. జఠరికల అల నిటారుగా లేవకుండా మొదట్లో ఏటవాలుగా, మొద్దుబారినట్టు ఎక్కుతుంది. దానినే డెల్టా తరంగం అంటారు. ఏవీ నోడ్ దగ్గర ఆగవలసిన ప్రేరణ పోగు గుండా ముందే దిగి, అక్కడి కండరాన్ని మెల్లగా మేల్కొలపడం వల్ల ఆ వాలు ఏర్పడుతుంది.

ప్రమాదం పోగు ఉండడంలో కాదు, అది ఎంత వేగంగా ప్రేరణలను దాటించగలదన్నదానిలో ఉంది. కర్ణికలు నిమిషానికి వందల సార్లు అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదలైతే, ఏవీ నోడ్ వాటిలో చాలావాటిని వడకట్టి ఆపుతుంది. వేగమైన పోగు ఆపదు. జఠరికలు కూడా అదే గందరగోళంలోకి జారవచ్చు. ఇలా ప్రాణం పోవడం చాలా అరుదు, కానీ జరిగేది ఎక్కువగా చిన్న వయసువారిలో. 1968లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో విల్ సీలీ బృందం శస్త్రచికిత్సతో అలాంటి పోగును తెంచింది. 1990ల మొదటి నుంచి తొడ సిర ద్వారా కేథటర్ పంపి రేడియో తరంగాల వేడితో పోగును కాల్చే అబ్లేషన్ సాధారణ చికిత్సగా మారింది. చాలామందికి ఒక్కసారితో సరిపోతుంది. పోగు హిస్ బండిల్‌కు ఆనుకుని ఉన్నప్పుడు మాత్రం వైద్యులు వేడికి బదులు చల్లబరిచే క్రయో పద్ధతిని ఎంచుకుంటారు, కొన్నిసార్లు అసలు ముట్టుకోరు.

గదులే తారుమారైనప్పుడు

కంజెనిటల్లీ కరెక్టెడ్ ట్రాన్స్‌పొజిషన్ అనే పుట్టుకలోపంలో కర్ణికలు తప్పు జఠరికలకు, జఠరికలు తప్పు ధమనులకు కలిసి ఉంటాయి. రెండు తప్పులు కలిసి రక్తప్రవాహాన్ని సరైన దిశలోనే ఉంచుతాయి కనుక, మరే లోపమూ లేనివారు దశాబ్దాల పాటు తెలియకుండానే బతుకుతారు. విద్యుత్ మార్గానికి ఆ సర్దుబాటు లేదు. గోడలు సరిగా ఎదురుపడకపోవడంతో కోక్ త్రిభుజంలోని నోడ్ చాలావరకు కిందికి కలవదు. ముందువైపున ఉన్న మరో నోడ్ ఆ పని తీసుకుంటుంది. దాని నుంచి బయల్దేరిన బండిల్ పుపుస ధమని దారిని చుట్టి చాలా దూరం నడవాలి. పొడవైన ఆ సన్నని కట్ట వయసుతో నారగా మారుతుంది, ఏటా వీరిలో సుమారు 2 శాతం మందికి పూర్తి బ్లాక్ వస్తుంది. శరీరపు కుడి ఎడమల అమరికే చెదిరిన ఐసోమెరిజంలో, రెండూ కుడి కర్ణికల్లా ఉన్నవారికి రెండు సైనస్ నోడ్‌లు ఉండవచ్చు. రెండూ ఎడమ కర్ణికల్లా ఉన్నవారిలో అది చోటు తప్పి లేదా బాగా చిన్నదై ఉంటుంది.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు పెరిగింది

రెండు చికిత్సలు ఈ పాత శరీర నిర్మాణ శాస్త్రాన్ని మళ్లీ ముందుకు తెచ్చాయి. మొదటిది, ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళం గుండా కొత్త బృహద్ధమని కవాటాన్ని అమర్చే టావీ. ఫ్రాన్స్‌లోని రూఆఁలో 2002లో అలాఁ క్రిబియే మొదటిసారి చేసిన ఈ చికిత్స ఇప్పుడు హైదరాబాద్‌తో సహా భారత నగరాల్లోనూ జరుగుతోంది. కొత్త కవాటపు లోహ చట్రం పాత కవాటాన్ని పక్కకు నెట్టి, దిగువ గోడను బలంగా ఒత్తుతుంది. పలుచని పొర పొడవుగా ఉన్నవారిలో చట్రం అంచుకూ బండిల్‌కూ మధ్య ఖాళీ మిగులుతుంది. పొట్టిగా ఉన్నవారిలో చట్రం బండిల్ మీదే కూర్చుంటుంది, పేస్‌మేకర్ అవసరం పడవచ్చు. అందుకే చికిత్సకు ముందు తీసే సీటీ స్కాన్‌లో ఆ పొర పొడవును కొలిచి, కవాటాన్ని ఎంత ఎత్తులో నిలపాలో నిర్ణయించే పద్ధతి వచ్చింది. అప్పటికే రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉన్నవారిలో ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే వారికి మిగిలినది ఎడమ కొమ్మ ఒక్కటే, చట్రం ఒత్తేది దాని మొదటినే. ఎన్నో ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని ఆ ఈసీజీ వాక్యం ఈ సందర్భంలో కీలక సమాచారం అవుతుంది.

రెండోది పేస్‌మేకర్ తీగను నేరుగా విద్యుత్ మార్గానికే బిగించడం. కుడి జఠరిక కొనకు తీగ బిగించే పాత పద్ధతిలో ప్రేరణ కండరం గుండా మెల్లగా పాకుతుంది. ఏళ్ల తరబడి అలా నడిస్తే కొందరిలో గుండె బలహీనపడుతుంది. 2000లో అమెరికాలో ప్రమోద్ దేశ్‌ముఖ్ బృందం శాశ్వత తీగను హిస్ బండిల్ వద్దే అమర్చి చూపింది. అయితే బండిల్ సన్ననిది, పైగా దాని లోతు మనిషికో రకం. కండరంలో మునిగినవారిలో దాన్ని ప్రేరేపించడానికి ఎక్కువ కరెంటు కావాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. 2017లో చైనాలోని వెన్‌జౌలో హువాంగ్ వేజియాన్ బృందం, తీగను కుడివైపు నుంచి గోడలోకి లోతుగా తిప్పి దించి ఎడమ కొమ్మను అందుకునే మార్గం చూపింది. ఎడమ కొమ్మ విసనకర్రలా విశాలం కాబట్టి తీగ కొన కాస్త అటూ ఇటూ అయినా ఏదో ఒక పాయకు తగులుతుంది. ఈ పద్ధతి ఇంత వేగంగా వ్యాపించడానికి వైద్యుల నేర్పుతో పాటు ఆ నిర్మాణమూ కారణమే.

ఈసీజీ చెప్పేది, చెప్పనిది

ఈసీజీ ప్రేరణ ఏ వరుసలో, ఎంత సమయంలో సాగిందో చెబుతుంది. దారి ఎలా ఉందో చూపదు. ఎడమ కొమ్మకు రెండు పాయలున్నా, మూడున్నా, వలలా అల్లుకున్నా, మామూలు గుండె ఈసీజీ ఒకేలా ఉంటుంది. ఏ ఇబ్బందీ లేని మనిషిలో కనిపించిన రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్‌కు, ఎకో మామూలుగా ఉంటే, సాధారణంగా చికిత్స అవసరం లేదు. అదే వాక్యం స్పృహ తప్పి పడిపోయిన మనిషి ఈసీజీలో ఉంటే, ముఖ్యంగా దానితో పాటు ఎడమ పాయల్లో ఒకటి కూడా ఆగి ఉంటే, మిగిలిన ఒకే దారి ఎంత నమ్మదగినదో లోపలి నుంచి కొలవవలసి రావచ్చు. కొత్తగా వచ్చిన లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, డెల్టా తరంగం, పరుగెత్తుతున్నప్పుడు కళ్లు తిరగడం, కుటుంబంలో చిన్న వయసులో ఆకస్మిక మరణం, వీటిలో ఏది ఉన్నా గుండె లయ నిపుణుడికి చూపించాలి. పాత ఈసీజీలను పారేయకుండా దాచుకోవడం ఇక్కడ చాలా ఉపయోగం, ఎందుకంటే తేడా పుట్టుకతో ఉన్నదా, నిన్న వచ్చినదా అన్నది పక్కపక్కన పెట్టిన రెండు కాగితాలే తేల్చగలవు.

దారిని నేరుగా చూడడం మరణానంతరమే సాధ్యమవుతోంది, అది కూడా వేగంగా మెరుగుపడుతోంది. పూర్వం ఒక్క గుండెను వేల పలుచని ముక్కలుగా కోసి రంగు వేసి చూడవలసి వచ్చేది. ఇప్పుడు అయోడిన్‌లో నానబెట్టిన గుండెను మైక్రో సీటీతో కోయకుండానే చూస్తున్నారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్ సింక్రోట్రాన్ కేంద్రంలోని శక్తిమంతమైన ఎక్స్‌రేలతో రెండు పూర్తి మానవ హృదయాలను సూక్ష్మ వివరాల వరకు చిత్రించిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. బతికున్న మనిషిలో హిస్ బండిల్‌ను నేరుగా చూపే స్కాన్ మాత్రం ఆసుపత్రుల్లో ఇంకా లేదు. కేథటర్ కొనకు అందే చిన్న పదునైన విద్యుత్ సంకేతం, సీటీలో కొలిచిన పలుచని పొర పొడవు, ఈ రెండింటి ఆధారంగానే వైద్యులు దాని స్థానాన్ని అంచనా వేస్తున్నారు.